కుక్కపిల్ల గడప దాటకముందే ఇంట్లో ఉండాల్సినవి

పెంపుడు జంతువుల దుకాణంలో అడుగుపెడితే గోడ పొడవునా వేలాడే సరుకులో ఏది అవసరం, ఏది ముచ్చట అన్నది ఓ పట్టాన తేలదు. పోనీ పిల్ల వచ్చాక చూసుకుందామంటే అప్పటికి ఇల్లంతా హడావిడి. ఒకరు దాన్ని ఎత్తుకుని తిరుగుతుంటే ఇంకొకరు గచ్చు తుడుస్తుంటారు. నిజానికి కొనాల్సినవి తక్కువే. వాటిలో సగం అటక మీదో బీరువా అడుగునో ఉండనే ఉంటాయి. డబ్బు వెనకాడకుండా పెట్టాల్సినవి రెండే: టీకాలు, తిండి. ఆ లెక్కలోనే ఈ చిట్కాలు రాశాను. రెండు నెలల పిల్లను తెచ్చుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నా, ఎదిగిన కుక్కను దత్తత తీసుకునేవారికీ చాలావరకు పనికొస్తాయి.

1. ముందు డాక్టరు, తర్వాతే దుకాణం

ఇంటికి దగ్గర్లో కుక్కలను చూసే పశువుల డాక్టరు ఎవరు, ఎన్నింటిదాకా ఉంటారు, ఆదివారం చూస్తారా, రాత్రిపూట ఎవరు దిక్కు అన్నవి పిల్ల రాకముందే కనుక్కోండి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉన్నా అక్కడ గేదెలకూ గొర్రెలకూ ఉన్నంత సరంజామా కుక్కలకు ఉండకపోవచ్చు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, సెలైన్ పెట్టే వసతి ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్ వైపు ఉన్నవారికి రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కళాశాలల ఆసుపత్రులు పెద్ద దిక్కు. సంచార పశువైద్య వాహనాల నంబరు 1962. అది ప్రధానంగా పాడిపశువుల కోసం నడిచేదే అయినా ఫోన్లో ఉంచుకుంటే నష్టం లేదు.

ఎంచుకున్న డాక్టరు దగ్గరికి ఒకసారి ఉత్త చేతులతోనే వెళ్లి రండి. ఏ జాతి పిల్లను తెస్తున్నారో, ఇంట్లో చిన్నపిల్లలున్నారో లేదో చెప్పండి. అక్కడ విన్న నాలుగు మాటల వల్ల దుకాణంలో కొనే వస్తువులు సగానికి సగం తగ్గిపోతాయి.

2. వయసు, టీకాల కార్డు

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్లు మన ఊళ్లలో కనిపిస్తూనే ఉంటారు. చూడటానికి బొద్దుగా ముద్దుగా ఉంటాయి కాబట్టి కొనేవాళ్లూ ఉంటారు. కొనకండి. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడిపే ఆ నాలుగు వారాల్లోనే పిల్ల పంటిని ఎంత గట్టిగా వాడొచ్చో నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే తోటిపిల్ల కీచుమని అరిచి ఆట మానేస్తుంది. ఆ పాఠం మన ఇంట్లో మనం చెప్పాలంటే చాలా కష్టం.

ఇచ్చేవారిని రెండు విషయాలు అడిగి రాయించుకోండి: ఏ తేదీన ఏ టీకా వేశారు, నట్టల మందు ఎప్పుడు తాగించారు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా కొనసాగాలి. ఒక్క సూదితో పని అయిపోయిందని ఎవరన్నా నమ్మకండి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పూర్తిగా పట్టనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది కాబట్టే మళ్లీ మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు ఏటా వేయించాలి. నట్టల మందు మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి.

ఈ కాగితాలన్నీ పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. జాబితాలో అన్నిటికంటే చవకైనదీ, పదేళ్లపాటు వాడేదీ ఇదే.

దత్తత ఆలోచన ఉంటే హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలున్నాయి. నా వరకు, మొదటిసారి కుక్కను పెంచేవారికి నాటు పిల్లనే సిఫారసు చేస్తాను. మన ఎండ దానికి పుట్టుకతోనే అలవాటు, పొట్టి వెంట్రుకలు, ఒంటి శుభ్రతకు పెద్ద పని ఉండదు.

3. పార్వో వచ్చిన ఇల్లయితే

ఇంతకుముందు మీ ఇంట్లో కుక్కపిల్ల రక్తవిరేచనాలతో పోయి ఉంటే, ఏ వస్తువూ కొనకముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. ఆ విరేచనాలకు తరచూ కారణమయ్యే పార్వో వైరస్ మట్టిలో, గోనెపట్టాల్లో, గిన్నెల అంచుల్లో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. గచ్చును ముందు సబ్బుతో కడిగి, క్లోరిన్ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి పోసి, పది నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి కడగాలి. పాత పడక, పాత బొమ్మలు కొత్త పిల్లకు వాడొద్దు. పెరట్లో మట్టి ఉంటే ఆ వైపు పిల్లను టీకాలు పూర్తయ్యేదాకా దించకూడదు.

4. గిన్నెలు

అడుగున రబ్బరు పట్టీ ఉన్న స్టీలు గిన్నెలు రెండు చాలు. ప్లాస్టిక్‌వి వద్దు. పిల్ల వాటిని నమిలేస్తుంది, గీతలు పడ్డచోట జిడ్డు పట్టి సూక్ష్మజీవులు చేరతాయి. నీళ్లకు వెడల్పాటి మట్టి చట్టి ఇంకా మంచిది. బరువుగా ఉండి తిరగబడదు, ఎండాకాలం నీళ్లు చల్లగా ఉంటాయి. రోజూ పీచుతో రుద్ది కడగాలి, లేకపోతే లోపల నాచు పడుతుంది. కాకర్ స్పానియల్ లాంటి పొడుగు చెవుల జాతి అయితే మూతి సన్నగా, లోతుగా ఉన్న గిన్నె తీసుకోండి. చెవులు తిండిలో మునిగితే పుండ్లు పడతాయి.

5. తిండి

ఇచ్చినవారి ఇంట్లో పిల్ల ఏం తింటోందో అదే ఒక వారానికి సరిపడా తెచ్చుకోండి. మీకు అంతకంటే మంచి తిండి తెలిసినా సరే, మొదటిరోజే మార్చకండి. ఇల్లు మారి, తల్లి దూరమై, తిండి కూడా మారితే విరేచనాలు ఖాయం. కొత్తది పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి.

ప్యాకెట్టు తిండి కొనేట్టయితే దాని మీద కుక్కపిల్లలకు అని ప్రత్యేకంగా రాసి ఉందో, సంపూర్ణాహారం అని ఉందో లేదో చూడండి. పెద్ద కుక్కల తిండి పిల్లకు సరిపోదు. బాగా పెరిగే జాతులకు, అంటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటివాటికి, పెద్ద జాతి పిల్లలకు అని రాసినది వేరే దొరుకుతుంది. అందులో కాల్షియం లెక్కగా ఉంటుంది. విడిగా దొరికే తిండిని గోతాల్లోంచి తూకానికి కొనకండి. గాలి తగిలి నూనె కంపు పట్టిన తిండి అది.

మన ఇళ్లలో కుక్కంటే పెరుగన్నం అనే అలవాటు పాతది. పెరుగన్నం చెడ్డదేం కాదు. అయితే అదొక్కటే పెడితే ఎదిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. ఇంటి తిండే పెట్టాలనుకుంటే ఉడికించిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, అన్నం, గుమ్మడి, క్యారెట్ లాంటివి డాక్టరు చెప్పిన పాళ్లలో కలపాలి. ఉప్పు, కారం, తాలింపు ఏవీ ఉండకూడదు. ఇంట్లో మాంసం వండని కుటుంబాలకు శాకాహార ప్యాకెట్టు తిండి బజారులో ఉంది. పప్పన్నంతో సరిపెట్టడం కంటే అది నయం.

పాలు మాత్రం పోయకండి. తల్లిపాలు మాన్పించాక ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు అరగవు. గిన్నెడు పాలు తాగి రాత్రంతా విరేచనాలతో నీరసపడే పిల్లలు ఎన్నో.

రెండు నుంచి నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు. పెట్టిన తిండి పావుగంటలో తినకపోతే గిన్నె తీసేయండి. తూకానికి వంటగదిలో వాడే చిన్న కాటా ఉంటే మంచిది, లేకపోతే ఒకే గ్లాసుతో రోజూ కొలవండి.

6. వంటగదిలో, దేవుడి గదిలో తీసి పైన పెట్టాల్సినవి

ఇది కొనే పని కాదు, కానీ కొన్నవాటన్నిటికంటే ముఖ్యం. ఒక సాయంత్రం నేల మీద కూర్చుని, పిల్ల కంటి ఎత్తు నుంచి ఇల్లంతా చూడండి.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరగ్గొడతాయి. మన కూరల్లో ఉల్లిపాయ లేనిదేది? అందుకే మిగిలిన కూర కుక్కకు పెట్టే అలవాటు ఈ ఇంట్లో ఉండకూడదని వంటచేసేవారికీ, ముఖ్యంగా ప్రేమ ఎక్కువైన అమ్మమ్మలకూ తాతయ్యలకూ ముందే నచ్చజెప్పాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాయసంలోనూ కేసరిలోనూ వేసే కిస్‌మిస్ అదే కదా, పండగపూట ప్రసాదం పళ్లెం కింద పెట్టకండి. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా విషాలే. ఉడికించిన కోడి ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి.

బీరువాలోనూ స్నానాలగదిలోనూ వేసే కలరా ఉండలు, దేవుడి ముందు కర్పూరం బిళ్లలు, ఎలుకల మందు, ఇవన్నీ పిల్లకు ఆటవస్తువుల్లా కనిపించే విషాలు. ఎలుకల మందు ఎక్కడైనా పెట్టి ఉంటే పూర్తిగా ఏరి పారేశాకే పిల్లను తేవాలి. మందు తిన్న ఎలుక దొరికినా అపాయమే. మొక్కల్లో గన్నేరు, పచ్చగన్నేరు, నర్సరీల్లో సైకస్ పేరుతో అమ్మేది పిల్లకు అందకుండా ఉండాలి. మనీప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది.

7. పడక

బొచ్చు పడకలు చలిదేశాలవారి కోసం. మన ఇళ్లలో ఏప్రిల్ వచ్చేసరికి పిల్ల వాటిని వదిలేసి గచ్చు మీద పడుకుంటుంది. మొదటి ఆరు నెలలకు పాత నూలు చీర మడతలు వేసి కుట్టిన బొంత చాలు. ఒకటి తడిస్తే ఇంకోటి వేయడానికి రెండు ఉండాలి. అడుగున గోనెపట్టా వేస్తే జారదు. దూది, స్పాంజి బయటికి వచ్చే పరుపులు వద్దు, పిల్ల చీల్చి మింగుతుంది.

ఒక మాట మరిచిపోకండి. పిల్లను తేవడానికి వెళ్లేటప్పుడు ఒక పాత తువ్వాలు తీసుకెళ్లి, తల్లీ పిల్లలూ పడుకునే చోట కాసేపు రుద్ది తీసుకురండి. ఆ వాసన పడకలో ఉంటే మొదటి రాత్రుల ఏడుపు తగ్గుతుంది. పడక మీ మంచం పక్కనే వేయండి. కొత్తచోట ఒంటరిగా గదిలో పెట్టి తలుపేస్తే అలవాటైపోతుందన్న సలహా చాలామంది ఇస్తారు. దాన్ని నేను ఒప్పుకోను. ఆ వయసు పిల్లకు మనిషి ఊపిరి వినబడటం ధైర్యం.

8. బోను లేదా అడ్డుగేటు

బోను అనగానే మనవాళ్లకు మనసొప్పదు. సరిగ్గా వాడితే అది పిల్లకు సొంత గది. పెరిగాక కూడా లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోగలిగేంత ఉండాలి. పెద్ద జాతికి పెద్ద బోనే కొని, పిల్లగా ఉన్నప్పుడు మధ్యలో అడ్డుపెట్టి చిన్నది చేయొచ్చు. తలుపు తీసి ఉంచి, తిండి లోపల పెట్టి, తనంతట తానే వెళ్లేలా చేయాలి. శిక్షగా తోసి గొళ్లెం పెట్టడం, పగలంతా అందులో ఉంచడం రెండూ తప్పు. బోను వద్దనుకుంటే వంటగది గుమ్మానికీ మెట్లకూ చిన్నపిల్లల కోసం అమ్మే అడ్డుగేటు బిగించండి. చెక్కపలక అడ్డం పెట్టినా పనవుతుంది.

9. మెడ పట్టీ, బిళ్ల, తాడు

పిల్లకు మెత్తటి నైలాన్ లేదా నూలు పట్టీ, బకిల్‌తో. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. పిల్ల వారంవారం పెరుగుతుంది కాబట్టి ఆదివారం ఆదివారం వేళ్లు పెట్టి చూడండి. బిగిసిన పట్టీ చర్మంలోకి దిగి పుండైన కుక్కలు వీధుల్లో కనిపిస్తూనే ఉంటాయి.

పట్టీకి చిన్న బిళ్ల వేలాడదీసి దాని మీద మీ ఫోన్ నంబరు చెక్కించండి. పేరు లేకపోయినా ఫర్వాలేదు, నంబరు ఉండాలి. గేటు తీసినప్పుడు పరిగెత్తిన పిల్ల, దీపావళి టపాసులకు బెదిరి పారిపోయిన కుక్క ఇంటికి చేరేది ఆ నంబరు వల్లే. చర్మం కింద మైక్రోచిప్ పెట్టించే వసతి మీ డాక్టరు దగ్గరుంటే అదీ చేయించండి. పదిహేను అంకెల నంబరు జీవితాంతం ఉంటుంది.

నడకకు ఛాతీ మీదుగా వేసే హార్నెస్, ఐదారడుగుల తాడు. మెడకు బిగుసుకునే ఉక్కు గొలుసులు, లోపల ముళ్లున్న పట్టీలు కొనకండి. ముఖం అణిగి ఉండే పగ్, బుల్‌డాగ్‌లకైతే మెడ మీద లాగుడు అసలే పనికిరాదు, వాటికి ఊపిరే కష్టం. 2003 నాటి హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్‌ను చూసి ఎన్నో ఇళ్లు ఆ జాతిని తెచ్చుకున్నాయి. మే నెల ఎండలో వాటి బాధ దగ్గర్నుంచి చూసినవారికే తెలుస్తుంది.

10. తడి, దొడ్డి

పాత వార్తాపత్రికలు నెలరోజులవి ముందే పోగేయండి. పరిచేందుకు, తుడిచేందుకు, మూటగట్టేందుకు అన్నిటికీ అవే. దుకాణంలో దొరికే పీల్చే పట్టాలు పై అంతస్తుల్లో ఉండేవారికి, వానాకాలంలో ఉపయోగం. కింద ఇల్లు ఉన్నవారు పిల్లను మొదటినుంచీ బయటికే అలవాటు చేయొచ్చు, అయితే టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరగని సొంత వాకిలిలో మాత్రమే. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ఆపగానే తీసుకెళ్లాలి. రెండు నెలల పిల్ల రెండు గంటలకు మించి ఆపుకోలేదు. లోపల పోసినందుకు మూతి రుద్దడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే: మనిషి చూడని మూలకు వెళ్లి పోయడం.

గచ్చు తుడవడానికి ఎంజైమ్ ఉన్న శుభ్రద్రవం ఒక సీసా కొనండి. మూత్రం వాసన మనకు పోయినా కుక్క ముక్కుకు పోదు, ఆ వాసన ఉన్నచోటే మళ్లీ పోస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి. ఘాటు ఫినాయిల్ తడి ఆరకముందే పిల్ల నడిచి పాదాలు నాకితే ఒంటికి మంచిది కాదు. ఏది వాడినా నీళ్లతో మళ్లీ తుడిచి, ఆరాకే పిల్లను వదలండి.

బయటికి తీసుకెళ్లే రోజులకు దొడ్డి ఎత్తే సంచులు జేబులో ఉండాలి. ఎదురింటివారి ముగ్గు మీద వదిలేసి వచ్చేవారివల్లే కాలనీల్లో కుక్కలంటే గొడవ మొదలవుతుంది.

11. జారే గచ్చు

ఇప్పటి ఇళ్లన్నీ నున్నటి టైల్సూ మార్బులూ. ఎదిగే పిల్ల రోజూ కాళ్లు జారి చతికిలబడుతుంటే తుంటికీళ్ల మీద భారం పడుతుంది, పెద్ద జాతుల్లో ఇది మరీ ముఖ్యం. పిల్ల తిరిగే దారంతా రబ్బరు అడుగున్న పట్టాలు పరచండి. పాదాల వేళ్ల మధ్య వెంట్రుకలు పెరిగితే కత్తిరించాలి.

12. నమలడానికి

పిల్లకు పాలపళ్లు 28. నాలుగో నెల నుంచి రాలుతూ, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. ఆ మూడు నాలుగు నెలలు చిగుళ్లు దురద. ఏదో ఒకటి నమలాల్సిందే. మనం ఇవ్వకపోతే చెప్పులు, సోఫా కాళ్లు, ఛార్జరు తీగలు అది వెతుక్కుంటుంది.

లోపల తిండి కూరే గట్టి రబ్బరు బొమ్మ ఒకటి మంచిది కొనండి, చవకది వద్దు. నూలుతాడు ముడి ఒకటి. పాత తువ్వాలు తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో గట్టిపరచి ఇస్తే చిగుళ్లకు హాయి, మనం చూస్తుండగా మాత్రమే. లావాటి చల్లని క్యారెట్ కూడా చాలా పిల్లలు ఇష్టపడతాయి. నోట్లో పూర్తిగా పట్టే బంతులు, గుండీల కళ్లున్న బొమ్మలు, మెత్తటి ప్లాస్టిక్ పీప్పీలు గొంతుకు అడ్డం పడతాయి. పాత చెప్పు ఆడుకోమని ఇవ్వకండి. పాతదేదో కొత్తదేదో దానికి తెలియదు.

13. పిడుదులు

మన వాతావరణంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిడుదులు, గోమార్లు అని పిలిచే ఈ పురుగులు రక్తం తాగడంతో ఆగవు. ఎర్లీకియా, బాబీసియా అనే జబ్బులను అంటిస్తాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

మందు మీరే ఎంచి కొనకండి. ప్రతి మందుకూ కనీస వయసు, బరువు ఉంటాయి. పెద్ద కుక్క మందు పిల్లకు వేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. మీరు కొనాల్సింది సన్నటి పళ్ల దువ్వెన, పిడుదులు లాగే చిన్న కొక్కెం. రోజూ సాయంత్రం చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో వెతకండి. పిడుదును చర్మానికి ఆనుకుని పట్టుకుని నిదానంగా లాగాలి. వేలితో నలపకూడదు, కిరోసిన్ పోయకూడదు. గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో అవి గుడ్లు పెడతాయి కాబట్టి పడక ఉన్న మూల సున్నం, సిమెంటు పూత ఊడి ఉంటే ముందే పూడ్పించండి.

14. స్నానం, దువ్వడం

కుక్కల షాంపూ ఒక చిన్న సీసా. మనుషుల సబ్బులు, షాంపూలు దాని చర్మానికి పడవు. కుంకుడురసం కళ్లల్లో పడితే ఎంత మంటో మనకు తెలుసు కదా. పొట్టి వెంట్రుకలకు రబ్బరు బ్రష్, పొడుగు వెంట్రుకలకు తీగ పళ్ల బ్రష్. గోళ్ల కత్తెర కొన్నా మొదటిసారి డాక్టరు దగ్గరే కత్తిరించడం చూసి నేర్చుకోండి, గోరులోపల నరం ఉంటుంది. మొదటి వారం స్నానం అవసరం లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

15. మందుల డబ్బా

దూది, గాజుగుడ్డ, పోవిడోన్ అయోడిన్, మొండి మొన కత్తెర, డిజిటల్ థర్మామీటరు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, చేయి వేసి జ్వరమనుకోకండి. మలద్వారంలో పెట్టి చూడాలి కాబట్టి ఆ థర్మామీటరు దానికే ప్రత్యేకం. మనం వేసుకునే నొప్పి మాత్రలు, పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఒక్క ముక్క కూడా ఇవ్వకూడదు.

డబ్బాలో బట్టల సబ్బు ముక్క ఒకటి పెట్టండి. పిల్ల పళ్లు గీరుకుని రక్తం వస్తే, అది ఎంత చిన్న పిల్లయినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. ఇంట్లో పిల్లలకు ఈ మాట చెప్పి, గీరుకున్న సంగతి దాచకూడదని నేర్పండి.

16. తీగలు, బాల్కనీ, గేటు

నేల మీద వేలాడే తీగలన్నీ పైకి కట్టండి. బాల్కనీ కమ్మీల మధ్య పిల్ల తల పడుతుందేమో కొలవండి, పడితే వల బిగించండి. గేటు కింద సందు ఉంటే చెక్క లేదా ఇటుకలు. నీటిసంపు మూత గట్టిగా ఉందా? కారు వెనక్కి తీసేముందు చక్రాల కింద చూడటం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.

17. ఎండాకాలం వస్తుంటే

రోహిణి కార్తెలో పిల్లను తేవాల్సివస్తే రెండోసారి ఆలోచించండి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దాని దారి. నీళ్లు రెండుచోట్ల ఉంచాలి, తడిపిన గోనెపట్టా నీడలో పరచాలి. బయటి నడక పొద్దున ఏడులోపు. రోడ్డు మీద చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ అంతే. తూలుతూ, చొంగ కారుస్తూ, నాలుక ముదురు ఎరుపెక్కితే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి. వానాకాలంలో నిలిచిన నీళ్లు తాగనివ్వొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటినుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ సోకుతుంది.

18. పక్కింటివారు, కాగితాలు

పురపాలక సంఘంలో పెంపుడు కుక్క నమోదు ఎలాగో అడిగి, రేబిస్ టీకా పడ్డాక చేయించండి. అద్దె ఇల్లయితే యజమానితో ముందే మాట్లాడాలి. అపార్టుమెంటు సంఘాలు కుక్కలను పెంచడాన్ని నిషేధించలేవనీ, లిఫ్టు ఎక్కొద్దనలేవనీ భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం చేతిలో ఉన్నా, తలుపు తట్టి పిల్ల వస్తోందని, రాత్రి ఏడిస్తే కొన్నాళ్లు ఓర్చుకోమని చెప్పే మాట ఎక్కువ పనిచేస్తుంది. భయపడేవారు, ఆరోగ్యం బాగాలేనివారు ఉంటే మెట్లదారి, వేళలు సర్దుకోవచ్చు.

19. కొనకండి

కాల్షియం టానిక్. సంపూర్ణాహారం తినే పెద్ద జాతి పిల్లకు పైనుంచి కాల్షియం పోస్తే ఎముకలు, కీళ్లు వంకరపోతాయి. ఇది దుకాణంలో ఎవరైనా మొదట అంటగట్టే సీసా. ఇంకా, తోలు ఎముకలు, అత్తర్లు, బూట్లు, పుట్టినరోజు గౌన్లు, లాగితే సాగే రీలు తాడు.

20. తెచ్చే రోజు

సెలవుదినం ఉదయం పూట తెచ్చుకోండి. సాయంత్రం తెస్తే ఇల్లు చూసుకునేలోపే రాత్రవుతుంది. బయల్దేరే ముందు రెండు గంటలు తిండి పెట్టొద్దని ఇచ్చేవారికి చెప్పండి, లేకపోతే కారులో వాంతి. ఒళ్లో తువ్వాలు, పక్కన పాత పేపర్లు, నీళ్లసీసా. ఇంటికి రాగానే మొదట దొడ్డి స్థలానికి, తర్వాతే లోపలికి. చుట్టుపక్కల పిల్లలు, బంధువులు చూడాలని ఆరాటపడతారు. రెండు రోజులు ఆగమనండి. ఎవరు పొద్దున తిండి పెడతారు, రాత్రి రెండింటికి ఎవరు లేచి బయటికి తీసుకెళ్తారు, టీకా తేదీలు ఎవరు గుర్తుంచుకుంటారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. మూడో రోజు పిల్లను ఒళ్లో పెట్టుకుని, కార్డు ఫైలుతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆసుపత్రిలో నేల మీద మాత్రం దించకండి.